ముప్పై లెక్కపెట్టేదాకా

బోర్డు సోమవారం పొద్దున ఒక ప్లాస్టిక్ సంచిలో వచ్చింది. సంచి మూతి విప్పకముందే వాసన వచ్చింది. కాలిన చిప్ వాసన ఒకసారి ముక్కుకెక్కిందంటే ఇక వదలదు. బిస్త్రా తల పక్కకు తిప్పుకుని, సంచిని రెండు వేళ్ళతో పట్టుకుని, బల్ల చివరికి జరిపింది.

"అక్కా, ఎవరి పెళ్ళిలోదో మాడిన కూర పంపించినట్టున్నారు," అంది పక్క బల్ల మీద సోల్డరింగ్ చేస్తున్న రుమ్యానా.

"నోర్మూసుకోవే. గోర్నో పోలె ఆశ్రమం పెట్టె అది."

రుమ్యానా నిజంగానే నోరు మూసుకుంది. కొండ మీది ఆ వృద్ధాశ్రమం సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. గురువారం సాయంత్రం అక్కడి బాయిలర్ గదిలో కంట్రోలు పెట్టె కాలిపోయింది. బాయిలర్ ఆగిపోయింది. దాన్ని చేత్తో నడపడం తెలిసినవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. శుక్ర, శనివారాలు మంచుకి కొండ దారి మూసుకుపోయింది. అరవై మంది ముసలివాళ్ళు కోట్లు వేసుకుని, కోట్ల మీద దుప్పట్లు కప్పుకుని, రెండు రోజులు అలాగే కూర్చున్నారు. ఆదివారం దారి తెరుచుకున్నాక ముగ్గురిని ఊపిరితిత్తులకు చలి పట్టిందని ఆస్పత్రికి తెచ్చారు. ఆ ముగ్గురిలో ఒకావిడ సెవ్ద. పెళ్ళి చేసుకోలేదు, నలభై ఏళ్ళు కుట్టుపని చేసింది. ఆ పెట్టెని అక్కడ బిగించిన ఫిట్టర్ నాయ్‌డెన్‌కి స్వయానా అక్క.

పెద్ద ఫ్యాక్టరీ మూతపడ్డాక దాని పాత క్యాంటీన్‌లో ముప్పై మంది కలిసి పెట్టుకున్న వర్క్‌షాపు ఇది. బాయిలర్లకు కంట్రోలు పెట్టెలు చేస్తారు. మేడ మీద గదుల్లో వేడి ఎంతుందో చూసే చిన్న డబ్బాలకీ, కింద బాయిలర్ పక్కనుండే పెట్టెకీ మధ్య మాటలు మోసేది రెండు తీగల సీరియల్ లైను. ఆ తీగల్లోకి మాటను తోసే చిప్‌ని లైను డ్రైవర్ అంటారు. ఆ రెండు తీగలూ ఎక్కడైనా ఒకదానికొకటి తగిలితే కరెంటు అడ్డూ ఆపూ లేకుండా పారి చిప్ మాడిపోవాలి. అలా మాడకూడదనే దాని కడుపులో ఒక హద్దు పెట్టి తయారుచేస్తారు. రెండువందల యాభై మిల్లీ ఆంపియర్లు దాటి ఒక్క చుక్క ఇవ్వనని బిగబట్టుకుంటుంది. మరీ వేడెక్కితే తనంతట తానే పని ఆపి, చల్లారాక మళ్ళీ మొదలుపెడుతుంది. మనుషుల చేతులు ఎక్కడో ఒకచోట తప్పు చేస్తాయని తెలిసినవాడెవడో పెట్టిన హద్దు అది.

ఆ హద్దు నిజంగా ఉందా లేదా అని ప్రతి బోర్డునీ పరీక్షించడమే పదకొండేళ్ళుగా బిస్త్రా పని. బోర్డుని టెస్టు పెట్టెలో కూర్చోబెడుతుంది. పచ్చ దీపం మిణుకుమనాలి. నల్ల తీగ చివరనున్న క్లిప్పుతో లైను తాలూకు రెండు స్క్రూలనీ కలిపేస్తుంది. దీపం ఆరిపోతుంది. మీటరు చూస్తుంది, చూపుడు వేలు చిప్ మీద ఆనించి పెదాల్లోనే ముప్పై లెక్కపెడుతుంది. క్లిప్పు తీయగానే దీపం మళ్ళీ మిణుకుమనాలి. అప్పుడు రిజిస్టరులో నంబరు వేసి, 'షార్టుకి తట్టుకుంది' అని రాసి పొట్టి సంతకం చేస్తుంది. మీటరు అబద్ధమాడొచ్చు గానీ వేలు ఆడదని ఈ పని నేర్పినవాడు నాయ్‌డెనే. అప్పట్లో ఈ బల్ల ఆయనది.

పదింటికి ఇంజనీర్ ల్యూబెన్ గదికి రమ్మని కబురొచ్చింది.

నాయ్‌డెన్ అప్పటికే అక్కడ నిలబడి ఉన్నాడు. టోపీ చేతిలో ఉంది. పొగాకుకి పచ్చబడిన మీసం, గడ్డం గీసుకోని మొహం. ఆస్పత్రి నుంచి తిన్నగా వచ్చినట్టున్నాడు. బల్ల అవతల ల్యూబెన్ కాలిన పెట్టె మూత విప్పి భూతద్దంలోంచి చూస్తున్నాడు.

"రండి నాయ్‌డెన్ గారూ, మీరే చూడండి," అన్నాడు.

మొన్నటిదాకా 'బాబాయ్, ఒక కాఫీ పోయనా' అన్న మనిషి ఇవాళ గారూ అంటున్నాడంటే అప్పుడే సగం తీర్పు అయిపోయినట్టు. నాయ్‌డెన్‌కి అది అర్థం కాకపోలేదు. వంగి చూశాడు. మూడో స్క్రూకీ నాలుగో స్క్రూకీ మధ్య ఒక రాగి పోగు, వెంట్రుకంత సన్నంది, మసిబారి అడ్డంగా పడి ఉంది.

"గురువారం మీరు అక్కడికి వెళ్ళారు కదా?"

"వెళ్ళాను. మా అక్క ఉండే వైపు గదులు చల్లగా ఉంటున్నాయంటే ఇంకో డబ్బా కలిపి వచ్చాను. ఈ స్క్రూలు విప్పింది నేనే."

"మరి ఈ పోగు?"

నాయ్‌డెన్ కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ ఆ పోగు వంక చూశాడు. "నాదే అయ్యుంటుంది. తీగ ఒలిచి మెలితిప్పాను, ఒకటి బయటికి తప్పించుకుని ఉంటుంది. కళ్ళజోడుకి ఆవిరి పట్టింది. నాదే, ఎవరి మీదో ఎందుకు నెట్టడం?"

ఆ మాట విని బిస్త్రా ఊరుకోలేకపోయింది. ఊరుకుని ఉంటే ఎంత బాగుండేదో. ఆ మనిషి తల వంచుకుని నిలబడ్డ తీరు చూసి ఒక అడుగు ముందుకేసింది.

"ఇంజనీర్ గారూ, వెంట్రుకంత పోగు తగిలితే ఈ బోర్డు మాడదు. రెండు స్క్రూలకీ అడ్డంగా పార పెట్టినా మాడదు. ఒక్కో బోర్డునీ ముప్పై లెక్కపెట్టేదాకా షార్టు చేసి చూసేదాన్ని నేను. దీని నంబరు కూడా నా రిజిస్టరులో ఉంటుంది. తప్పు బాబాయ్‌ది కాదు."

ల్యూబెన్ తలెత్తాడు. "ఖాయంగా చెప్తున్నావా?"

"నా వేలు మీద ఒట్టు."

"అదే కాగితం మీద రాసివ్వు."

ఆమె సంతోషంగా రాసిచ్చింది. ఒక పేజీ నిండా, పరీక్ష ఎలా చేస్తుందో వరసగా, ఎక్కడా కొట్టివేత లేకుండా. కింద తేదీ వేసి పూర్తి సంతకం పెట్టింది. బయటికొచ్చాక నాయ్‌డెన్ ఆమె భుజం తట్టి, "పెద్ద నోరే నీది," అని ఆస్పత్రి బస్సు కోసం గబగబా వెళ్ళిపోయాడు. ఆ రోజంతా బిస్త్రా మనసు తేలిగ్గా ఉంది.

*

మంగళవారం మధ్యాహ్నం రుమ్యానా టీ కప్పు పట్టుకుని వచ్చి, గొంతు తగ్గించి, "అక్కా, బాబాయ్‌ని తీసేశారు," అంది.

"తీసేశారా? దేంట్లోంచి?"

"ఉద్యోగంలోంచి. క్రమశిక్షణ కింద. ఆఫీసులో ముద్ర కూడా కొట్టేశారు."

ఇక్కడ పనిచేసే ప్రతి మనిషికీ ఒక పుస్తకం ఉంటుంది. ఎక్కడ చేరాడు, ఎక్కడ మానేశాడు, ఎందుకు మానేశాడు, అన్నీ అందులో సిరాతో రాసి ముద్ర వేస్తారు. ముప్పై ఎనిమిదేళ్ళలో నాయ్‌డెన్ పుస్తకంలో ఒక్క ఎర్ర గీత లేదు. పింఛనుకి ఇంకా రెండేళ్ళుంది.

బిస్త్రా అడుగులు ఎటు పడుతున్నాయో చూసుకోకుండా ల్యూబెన్ గదిలోకి వెళ్ళింది.

"ఏం చేశారండీ మీరు! ఆయన తప్పు కాదని నేను రాసిచ్చాను కదా!"

"నువ్వు రాసింది బట్టే చేశాను." ల్యూబెన్ ఆమె కాగితాన్నే తీసి ఆమె ముందు పెట్టాడు. "కూర్చో. పోగు వల్ల మాడిందంటే అజాగ్రత్త. ఒక మందలింపు రాసి వదిలేసేవాణ్ణి. నువ్వేమో షార్టుకి ఈ బోర్డు మాడే ప్రసక్తే లేదన్నావు. నీ మాట నేను నమ్ముతాను, నీ పని నాకు తెలుసు. మరి చిప్ బొగ్గయింది కదా? ఐదు వోల్టుల లైనులో బొగ్గు కావాలంటే ఒక్కటే దారి. ఆయన లైను స్క్రూల్లోకి రెండువందల ఇరవై వోల్టుల మెయిన్ కరెంటు దూర్చాడు. పొరపాటున దూర్చి, వెంటనే తీసేసి, మనకి చెప్పలేదు. అది అజాగ్రత్త కాదు, దాచడం. ముగ్గురు ముసలివాళ్ళు ఆస్పత్రిలో ఉన్నారు. రేపు మున్సిపాలిటీ వాళ్ళు అడిగితే నేనేం చెప్పను?"

"ఆయన అలా దాచే మనిషి కాదు."

"అయితే నీ పరీక్ష తప్పా?"

బిస్త్రా కూర్చోనే లేదు. వేసుకున్న నీలం కోటు బొత్తాలు తడుముకుంటూ బయటికొచ్చేసింది.

నాయ్‌డెన్ ఆమె బల్ల దగ్గరే ఉన్నాడు. సొరుగులో ఎప్పుడో వదిలేసిన పట్టకారు ఒకటి వెతుక్కుంటున్నాడు. మనిషి ఒక్క రోజులో కుంచించుకుపోయాడు.

"దొరికింది," అన్నాడు పట్టకారు చూపించి. "దీనితోనే కదా నీకు నేర్పింది. రెండు స్క్రూల మీద ఇలా పెట్టి. నిప్పురవ్వ లేచిందని ఎలా కెవ్వుమన్నావో గుర్తుందా?"

"బాబాయ్, నేను అనుకున్నది వేరు. నేను రాసింది వేరేలా..."

"నువ్వు నిజమే రాశావు. నాకు తెలీదా? ఆ పరీక్ష నేను పెట్టిందే." పట్టకారుని జేబురుమాలులో చుట్టాడు. "అదే ఆలోచిస్తున్నా నేను కూడా. షార్టుకి మాడదు. మరి నేనేం చేశానంటావ్? పక్కనే మెయిన్ తీగ ఉంది. ఏ ధ్యాసలో ఉండి పట్టుకున్నానో. అక్క కిటికీలోంచి చెయ్యి ఊపుతోంది, అటు చూశాను. అది గుర్తుంది. చేతులు ఏం చేశాయో గుర్తులేదు."

"నువ్వు అలాంటి పని చెయ్యవు బాబాయ్."

"చెయ్యననే అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే చేసినట్టే కనిపిస్తోంది." రుమాలు జేబులో పెట్టుకున్నాడు. "అక్కకి ఊపిరందడం లేదు అమ్మాయ్. గొట్టం పెట్టారు. నన్ను చూసి, గదులు వెచ్చబడ్డాయా అని సైగ చేస్తోంది."

ఆయన వెళ్ళిపోయాడు. చేయని తప్పు ఒకటి ఆయన బుర్రలో పాతుకుపోయింది, దాన్ని అక్కడ నాటింది తన కాగితమే. ఆ మాట బిస్త్రాకి తన లోపల తనకే స్పష్టంగా వినబడింది. ఉద్యోగం పోతే పోయింది. అక్క ఊపిరి తన చేత్తోనే తీశానని నమ్ముతూ ఆ మనిషి మిగతా జన్మంతా ఎలా బతుకుతాడు?

*

బుధవారం పొద్దున వర్క్‌షాపు గేటుకి నల్ల అంచు కాగితం అంటించి ఉంది. ఊళ్ళో ఎవరు పోయినా ఇళ్ళ తలుపుల మీదా, స్తంభాల మీదా, బస్‌స్టాపుల్లోనూ అంటించే కాగితమే. చిన్న ఫొటో, కింద పేరు, వయసు. సెవ్ద నవ్వుతోంది. మెళ్ళో కొలతల టేపు ఉంది. బతికున్నన్నాళ్ళూ దాన్ని తియ్యలేదు, చావు కాగితంలో కూడా తియ్యలేదు. అడుగున 'దుఃఖిస్తున్నవారు' అన్నచోట ఒక్కటే పేరు.

రుమ్యానా ముక్కు చీదుకుంది. "నా పెళ్ళి గౌను ఆవిడే కుట్టింది అక్కా. నడుం దగ్గర ఒక అంగుళం లోపలికి మడిచి ఉంచింది, పిల్లలు పుట్టాక విప్పుకుందువుగానిలే అని."

బిస్త్రా గేటు తోసింది. లోపలికెళ్ళి కోటు వేసుకుని, రోజూలాగే పని మొదలుపెట్టింది. పదకొండు బోర్డులు పరీక్ష చేసింది. పదకొండూ తట్టుకున్నాయి. చిప్‌లు ఆమె వేలి కింద చల్లగా, అమాయకంగా ఉన్నాయి. ఆ చల్లదనం మీద ఆమెకి కోపం వచ్చింది.

భోజనం గంట కొట్టి అందరూ చిక్కుడు సూపు కోసం లేచారు. ఆమె లేవలేదు. కాలిపోయిన బోర్డుతో పాటు అదే విడతలో తయారైన బోర్డు ఒకటి అలమరలోంచి తీసింది. నాయ్‌డెన్ వాడే తీగ చుట్ట తెచ్చి, దాని కొన ఒలిచి, ఒక్క పోగు లాగింది. వెంట్రుకంత పోగు. దాన్ని మూడో స్క్రూ కిందా నాలుగో స్క్రూ కిందా, ఆయన పెట్టెలో కనిపించినట్టే అడ్డంగా పెట్టి బిగించింది. ఈ పోగుకి మాడదని ఇంకోసారి కళ్ళారా చూస్తే ఏదో దారి తోస్తుందని ఆమె ఆశ. దారి ఏమిటో ఆమెకే తెలియదు.

కరెంటు ఇచ్చింది. దీపం వెలగలేదు, వెలగకూడదు. వేలు ఆనించింది. ఒకటి, రెండు, మూడు. వెచ్చబడింది. ఐదు. వేడి. ఇంత తొందరగా వేడెక్కదే అనుకుంటూనే అలవాటుకొద్దీ అక్కడే ఉంచింది. ఎనిమిది దగ్గర చర్మం చుర్రుమంది. కెవ్వుమని వేలు లాక్కుంది. లెక్క మాత్రం ఆపలేదు. పందొమ్మిది దగ్గర ఆ వాసన వచ్చింది. ఇరవై మూడు దగ్గర చిప్ మధ్యలో చిటుక్కుమని పగిలి సన్నటి పొగ లేచింది.

ఆమె కరెంటు ఆపి కూర్చుంది. కాసేపటికి ఇంకో బోర్డు తీసింది. ఈసారి రోజూ వాడే నల్ల తీగ క్లిప్పు పెట్టింది. ముప్పై లెక్కపెట్టినా చల్లగా ఉంది. క్లిప్పు తీసి అదే బోర్డుకి పోగు బిగించి, పోగులో ఎంత కరెంటు పారుతోందో చూడ్డానికి మీటరు కలిపింది. నాలుగువందల ఎనభై చూపించింది. రెండువందల యాభై దగ్గర బిగబట్టుకోవాల్సిన చిప్ దానికి రెట్టింపు పోస్తోంది. దీనికి హద్దే లేదు. చిప్ నెత్తిన అచ్చు వేసిన అక్షరాలు మాత్రం పాత చిప్‌ల మీద ఉన్నవే. పోయిన ఏడాది జనవరిలో పాత సరుకు రాక వేరే వర్తకుడి దగ్గర తెప్పించారు, అది ఆమెకి గుర్తొచ్చింది. పేరు అదే, కడుపులో మాత్రం ఏమీ లేదు.

మరి తన క్లిప్పుకి ఎందుకు చల్లగా ఉంది?

ఆమె నల్ల తీగని చేతిలోకి తీసుకుంది. మధ్యలో ఒకచోట కొంచెం ఉబ్బెత్తుగా ఉంది. వేడి చేస్తే ముడుచుకునే నల్ల గొట్టం తొడిగి ఉంది అక్కడ. రోజుకి ముప్పైసార్లు చేతిలో పట్టుకునే తీగ. ఆ ఉబ్బు మీద ఆమె బొటనవేలు ఆగిపోయింది. బ్లేడుతో గొట్టం చీరకముందే లోపల ఏముందో తెలిసిపోయింది, ఎందుకంటే దాన్ని అక్కడ పెట్టింది తనే.

మూడేళ్ళ కిందట. క్లిప్పు పెట్టినప్పుడల్లా నిప్పురవ్వ లేచి మీటరు ఫ్యూజు పోతుండేది. స్టోరు వాళ్ళు ఫ్యూజులు లేవు పొమ్మన్నారు. కొత్తవి వచ్చేదాకా, ఒక్క వారం రోజులకని, తీగ మధ్యలో కరెంటుకి అడ్డుపడే రెసిస్టర్ ముక్క ఒకటి అతికించి, చూడ్డానికి అసహ్యంగా ఉందని పైన గొట్టం తొడిగింది. అంత శుభ్రంగా తొడిగింది కాబట్టే తరువాత ఎవరికీ కనబడలేదు, తనకి కూడా. వారం తరువాత ఫ్యూజులు వచ్చాయి. రవ్వలు లేవడం లేదు కదా అని వాటిని సొరుగులో పడేసింది.

చిప్ పని ఆ రెసిస్టర్ చేస్తూ వచ్చింది. బిగబట్టుకున్నది చిప్ కాదు, ఆ చిన్న ముక్క. పాత చిప్‌లు మంచివి కాబట్టి గడిచిపోయింది. ఈ సరుకు వచ్చాక కూడా ఆమె రోజూ వేలు ఆనించి, ముప్పై లెక్కపెట్టి, తట్టుకుంది అని రాస్తూనే ఉంది. నా వేలు మీద ఒట్టు అంది. ఆ ఒట్టు పట్టుకుని నాయ్‌డెన్‌ని తరిమేశారు.

రుమ్యానా సూపు తాగి వచ్చేసరికి బిస్త్రా బల్ల మీద తల ఆనించి ఏడుస్తోంది. పొక్కిన వేలు గాల్లోకి ఎత్తి పెట్టుకుని ఉంది.

"అయ్యో అక్కా, చెప్పానా, ఆ వేలు ఎప్పుడో అతుక్కుపోతుందని," అంటూ పరిగెత్తుకొచ్చిన రుమ్యానా, బల్ల మీద చీరి ఉన్న గొట్టాన్నీ, ఆ ముక్కనీ చూసి, ఆపై ఒక్క పరిహాసమూ ఆడలేదు.

*

ల్యూబెన్ అన్నీ విన్నాడు. తన చేత్తోనే పోగు బిగించి, తన కళ్ళతోనే మీటరు చూశాడు. మొహం సున్నం కొట్టినట్టయింది.

"ఎన్ని బోర్డులు?"

"ఈ సరుకుతో నాలుగువందల పదమూడు, పై గదుల డబ్బాలవీ కలిపి."

"ఎక్కడెక్కడ?"

"నలభై ఒక్క బాయిలర్ గదులు. రెండు బడులు. ఒక పసిపిల్లల కేంద్రం."

అతను లేచి తలుపు వేసి వచ్చాడు. "బిస్త్రా, నేను చెప్పేది జాగ్రత్తగా విను. ఇవన్నీ మార్చాలి, మారుద్దాం. మంచు తగ్గాక, సర్వీసింగ్ అని చెప్పి, ఒక్కొక్కటే. ఇప్పుడు ఇది బయటపడితే ఈ షెడ్డు రేపటికి ఉండదు. ముప్పై కుటుంబాలు. ముందు పోయేది నువ్వు, తరువాత నేను. ఆ మనిషి పుస్తకంలో ఎలాగూ ముద్ర పడిపోయింది. ఆవిడ ఎలాగూ పోయింది."

"ఆయన తనే చంపానని అనుకుంటున్నాడండీ."

ల్యూబెన్ భూతద్దం తీసి సొరుగులో పెట్టాడు. అతను చెడ్డవాడు కాదు. చిన్నప్పుడు నాయ్‌డెన్ పక్కన కూర్చుని సోల్డరింగ్ నేర్చుకున్నవాడే. భయపడ్డాడు, అంతే. భయపడ్డవాళ్ళు ఎంత దూరం వెళ్తారో చెప్పలేం.

బిస్త్రా తన బల్ల దగ్గరికి వెళ్ళి రిజిస్టరు తెచ్చింది. ఆ రిజిస్టరు పేజీలకి నంబర్లుంటాయి. అన్ని పేజీల గుండా ఒక దారం దూర్చి, చివర ముడి మీద ఎర్ర లక్కతో ముద్ర వేస్తారు. ఒక్క కాగితం చింపినా తెలిసిపోతుంది. పాత పెద్ద ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అలవాటు అది, ఎందుకు పెట్టారో అందరూ మరిచిపోయినా మానలేదు. ఆమె ఇంజనీర్ బల్ల మీదే పుస్తకం తెరిచి, నిలబడే రాసింది. పొక్కిన వేలు ఎత్తిపెట్టి పెన్ను పట్టుకోవడంతో అక్షరాలు వంకరపోయాయి.

'మూడేళ్ళ నుంచి ఈ బల్ల మీద షార్టు పరీక్ష జరగలేదు. క్లిప్పు తీగలో నేను పెట్టిన రెసిస్టర్ ఉంది. గోర్నో పోలె పెట్టె కాలింది చిప్‌లో హద్దు లేకపోవడం వల్ల. పోగు తగిలినా కాలకూడదు. ఫిట్టర్ నాయ్‌డెన్ లైనులో మెయిన్ కరెంటు పెట్టలేదు.' కింద పూర్తి పేరు, తేదీ.

ల్యూబెన్ చూస్తూనే ఉన్నాడు. ఆపడానికి చెయ్యి కొంచెం లేచింది, మళ్ళీ బల్ల మీదకి వాలింది.

"బడుల్లోవీ, పసిపిల్లల కేంద్రంలోదీ ఇవాళే ఆపించండి," అంది ఆమె. "బాయిలర్ చేత్తో నడుపుకోమనండి."

అతను పుస్తకం తన వైపు తిప్పుకుని ఆ ఐదు వాక్యాలూ రెండుసార్లు చదివాడు. ఫోను దగ్గరికి లాక్కున్నాడు. ముందు ఎవరికి చెయ్యాలో తెలియక చాలాసేపు రిసీవరు పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

*

గురువారం మధ్యాహ్నం సెవ్దని పాతిపెట్టారు. మంచు ఆగింది గానీ నేల ఇనుములా గడ్డకట్టి ఉంది, గొయ్యి తవ్వినవాళ్ళు చెమటలు కక్కారు. చర్చి పూజారి ప్రార్థనలు గబగబా చదివేశాడు, చలి మరి. వచ్చింది ఇరవై మంది. ఆశ్రమం నుంచి నలుగురు ముసలమ్మలు, ఆవిడ కుట్టిన కోట్లే వేసుకుని వచ్చారు. ఒక్కొక్కరు గుప్పెడు మట్టి వేసి, గొయ్యి మీద కొంచెం వైను ఒంపి, పక్కకి జరిగారు.

ఇక గోధుమలు పంచాలి. చనిపోయినవాళ్ళ పేరిట ఉడికించిన గోధుమల్లో చక్కెర, అక్రోటు పొడి కలిపి సమాధి దగ్గరే పంచుతారు. పుచ్చుకున్నవాళ్ళు 'దేవుడు క్షమించుగాక' అని నోట్లో వేసుకుంటారు. గిన్నె నాయ్‌డెన్ చేతిలో ఉంది. ఆడదిక్కు లేదు కాబట్టి పొద్దున తనే ఉడికించుకున్నట్టున్నాడు. కొన్ని గింజలు పగల్లేదు, కొన్ని మెత్తగా అయిపోయాయి.

బిస్త్రా ఆయన దగ్గరికి వెళ్ళింది. దారంతా కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ రాలేదు.

"బాబాయ్, నువ్వు రెండువందల ఇరవై పెట్టలేదు."

ఆయన ఆమె వంక అర్థం కానట్టు చూశాడు.

"చిప్ చెడ్డది. అందులో హద్దు లేదు. పోగు పెట్టి నేను చూశాను, ఇరవై మూడుకి పగిలింది. నాకు ముందే తెలియాల్సింది. తెలియకపోవడానికి కారణం నేనే. క్లిప్పు తీగలో నేనే ఒక రెసిస్టర్ పెట్టి, గొట్టం తొడిగి, మరిచిపోయాను. నా పరీక్ష పరీక్షే కాదు. రిజిస్టరులో రాసేశాను. అయినా నీకు నేనే చెప్పాలని వచ్చాను."

ఆయన గిన్నెలోకి చూస్తూ విన్నాడు. "ఎన్నాళ్ళుగా?"

"మూడేళ్ళు."

"నేను నీకు పట్టకారుతో నేర్పాను."

"అవును బాబాయ్."

"రవ్వలు లేస్తాయి, భయపడకు అన్నాను."

"అన్నావు."

ఆయన పెదాలు కదులుతున్నాయి. మొదట వినబడలేదు. "పెట్టలేదు," అంటున్నాడు తనలో తను. "అక్క కిటికీలోంచి చెయ్యి ఊపింది, అటు చూశాను. కానీ పెట్టలేదు." కళ్ళ నుంచి నీళ్ళు కారి మీసం మీద ఆగాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. గిన్నె వణికి నాలుగు గింజలు మంచు మీద పడ్డాయి.

"పట్టుకో," అన్నాడు. "నా చేతులు ఆగడం లేదు. నువ్వు పంచు."

"నేనా? వద్దు బాబాయ్, నేను పంచకూడదు."

"జనం చలిలో నిలబడ్డారు. పంచు."

ఆమె గిన్నె పుచ్చుకుంది. మొదట ముసలమ్మలు వచ్చారు. ఒకావిడ చెయ్యి చాపింది, బిస్త్రా చెంచాడు గోధుమలు వేసింది. ఆవిడ తలెత్తి ఆమె కళ్ళలోకి చూసి, "దేవుడు క్షమించుగాక," అంది. తరువాత రెండో ఆవిడ. తరువాత మూడో ఆవిడ. రుమ్యానా వచ్చి, ఆ మాట అనలేక అని, చటుక్కున పక్కకి తిరిగిపోయింది. ఇరవై మంది, ఒకరి తరువాత ఒకరు, ఆమె మొహంలోకి చూసి అదే మాట అన్నారు. వాళ్ళు సెవ్దకే అంటున్నారు, ఆ సంగతి ఆమెకి తెలుసు. అయినా ప్రతిసారీ చెంచా పట్టుకున్న చెయ్యి బరువెక్కుతోంది.

చివరలో ల్యూబెన్ నిలబడ్డాడు. ఆమె వేసింది పుచ్చుకుని, అనవలసిన మాట అని, నాయ్‌డెన్ వైపు తిరిగాడు. "బాబాయ్, పుస్తకంలో ఆ ముద్ర కొట్టివేయిస్తాను. సోమవారం నుంచి రా."

"ఇప్పుడు దానికి తొందరేముంది బాబూ," అన్నాడు నాయ్‌డెన్. ఎవరినీ దెప్పుతున్నట్టు లేదు ఆ గొంతు.

అందరూ గేటు వైపు నడిచారు. గిన్నె అడుగున ఒక్క చెంచాడు మిగిలింది. నాయ్‌డెన్ దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు. సోల్డరింగ్ మచ్చలతో నిండిన ఆ అరచేతిలో ఆమె మిగిలినదంతా ఒంపింది. ఆయన వెంటనే నోట్లో వేసుకోలేదు. బిస్త్రా ఊపిరి బిగబట్టి ఎదురుచూసింది. అలవాటుకొద్దీ లోపల లెక్క మొదలైంది. ఒకటి, రెండు, మూడు.

"సెవ్దని దేవుడు క్షమించుగాక," అన్నాడాయన. మిగతావాళ్ళెవరూ పేరు పెట్టి అనలేదు. ఆయన పేరు పెట్టి, ఆ పేరు దగ్గర కొంచెం ఆగి మరీ అన్నాడు.

నెమ్మదిగా నమిలి మింగి, అప్పుడు ఆమె చేతి వంక చూశాడు. వేలికి కట్టిన గుడ్డ తడిసి ఉంది.

"ఎంత దాకా ఉంచావ్?"

"ఎనిమిది దాకా బాబాయ్."

ఆయన ఆ వేలిని తన రెండు వేళ్ళతో పట్టుకుని, గుడ్డ జారిపోకుండా ముడి సరిచేశాడు. ఒకప్పుడు టెస్టు బల్ల దగ్గర ఇలా కూర్చో అని నేర్పినప్పుడు ఎంత ఓపికగా ఉన్నాడో అంత ఓపికగానే.

"ఈ వేలు ముందే కాలాల్సింది అమ్మాయ్," అన్నాడు.

టోపీ పెట్టుకుని ముసలమ్మల వెనకాల నడిచాడు. బిస్త్రా ఖాళీ గిన్నెని మంచుతో తోమి, గుడ్డతో తుడిచి, ఆయనకి తిరిగివ్వడానికి సంచిలో పెట్టుకుంది.